వైజాగ్ ఉక్కలో వెట్‌సూట్ పదికాలాలు మన్నాలంటే

వెట్‌సూట్ అంటే సముద్రంలోకి డైవింగ్‌కి దిగేవాళ్ళు ఒంటికి చలి వేయకుండా వేసుకునే రబ్బరు సూటు. అది నీళ్ళలో ఉండేది ఒక్కో డైవ్‌కి ముప్పావుగంటో, గంటో. మిగతా కాలమంతా ఒడ్డునే: కారు డిక్కీలో, బాల్కనీ దండెం మీద, బీరువా అడుగున. అందుకే సూటు ఎన్నేళ్ళు వస్తుందో సముద్రం కంటే మన ఇల్లే ఎక్కువ తేలుస్తుంది. అందులోనూ ఊరు విశాఖపట్నం. సూటుతో పాటు వచ్చే చీటీలో ‘నీడలో ఆరబెట్టండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ చీటీ రాసినవాళ్ళు మన సెప్టెంబరు ఉక్క చూసి ఉండరు. ఇక్కడ నీడలో ఆరబెట్టడం ఒక్కోసారి రెండు రోజుల పని.

సూటు లోపల ఏముందో తెలిస్తే సగం జాగ్రత్తలు వాటంతటవే తడతాయి. నియోప్రీన్ అనేది 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన కృత్రిమ రబ్బరు. వెట్‌సూట్‌లో వాడేది దాని నురుగు రకం. రబ్బరు నిండా కంటికి సరిగా కనబడనంత చిన్న గాలిబుడగలు ఉంటాయి, ఎక్కువగా నైట్రోజన్‌తో నిండినవి. ఏ బుడగకు ఆ బుడగ మూసుకుని ఉంటుంది. ఒంటికి చలి వేయకుండా ఆపేది ముఖ్యంగా ఈ బుడగల్లోని వాయువే. పైనా లోపలా అంటించిన నైలాన్ గుడ్డ ఆ నురుగు చిరగకుండా కాపాడుతుంది.

పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది, బుడగల్లో వాయువు సగం జాగాలోకి నలుగుతుంది. పైకి రాగానే మళ్ళీ ఉబ్బుతుంది. కానీ ఇలా నలిగి ఉబ్బి, నలిగి ఉబ్బి, కొన్నేళ్ళకు కొన్ని బుడగలు అణిగిపోయి లేవడం మానేస్తాయి. డైవింగ్ వల్ల వచ్చే ఈ అరుగుదలను ఎవరూ ఆపలేరు. ఎండ, వేడి, ఉప్పు, క్లోరిన్, నూనె, మడత, గోళ్ళు, బూజు మాత్రం మన చేతిలోనివి. మన ఊళ్ళో సూట్లు ఎక్కువగా చచ్చేది కూడా వీటి వల్లే.

కొనేటప్పుడే రెండు చూడండి

మన దగ్గర సముద్రం పైనీళ్ళు జనవరిలో 25 డిగ్రీల దగ్గర, మే నెలలో 29, 30 దాకా ఉంటాయి. మామూలు డైవ్‌లకు 3 మిల్లీమీటర్ల మందం సూటు చాలు. తక్కువ ధరకు వచ్చింది కదా అని 5 మిల్లీమీటర్లది కొంటే పడవ మీదే ఉడికిపోతారు. దాన్ని ఒంటి మీద నుంచి లాగేసే తొందరలో కుట్లు తెగుతాయి.

రెండు వైపులా గుడ్డ ఉన్న రకమే తీసుకోండి. పైన నున్నగా, నల్లగా మెరిసే రబ్బరు రకం గాలికి తొందరగా ఆరుతుంది, ఫొటోల్లో కూడా బాగుంటుంది. మన తీరంలోని రాళ్ళకు మాత్రం అది ఆగదు. మోకాళ్ళ దగ్గర అదనపు తొడుగు ఉంటే మంచిది. సైజు విషయంలో మొహమాటపడకండి. బిగుతు సూటు వేసుకున్న ప్రతిసారీ కుట్ల మీదే భారం.

తొడుక్కోవడం

నేను చూసిన చిరుగుల్లో ఎక్కువ భాగం సముద్రంలో పడినవి కావు, ఒడ్డున సూటు తొడుక్కుంటుంటే పడినవి. నెలవంకలా చిన్న గాటు ఉంటే అది గోరు పనే. డైవ్ ముందురోజే గోళ్ళు తీసేసుకోండి. ఉంగరాలు, వాచీ, మొలతాడుకు కట్టుకున్న తాయెత్తు, అన్నీ ముందే తీసి పెట్టండి.

ఇసుకలో నిలబడి వేసుకోవద్దు. చిన్న ప్లాస్టిక్ టబ్బు ఒకటి కారులో ఉంచుకోండి. అందులో నిలబడి వేసుకోవచ్చు, తిరిగొచ్చాక తడి సూటు అందులోనే పడేయొచ్చు. ఇసుక జిప్‌లోకి వెళ్తే పళ్ళు అరుగుతాయి, గుడ్డలోకి వెళ్తే మీ చర్మం గీసుకుపోతుంది.

ముందు సూటు నడుము దాకా తిరగేయండి. పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి కాలు దూర్చితే జర్రున జారుతుంది, తర్వాత కవరు లాగేయొచ్చు. ఆ కవరు జేబులో పెట్టుకోవడం మరవకండి. గాలికి నీళ్ళలోకి పోతే మళ్ళీ దాన్ని తీయడానికి దిగాల్సింది మనమే. చీలమండ దగ్గర సర్దుకున్నాక పిక్క, తర్వాత మోకాలు, తర్వాత తొడ. ప్రతి చోటా ముడతలు పైకి జరుపుకుంటూ రావాలి. గోటితో గిల్లి లాగకుండా, వేళ్ళ మెత్తటి భాగంతో గుప్పెడు గుడ్డ పట్టుకుని లాగండి. గజ్జల దాకా పూర్తిగా ఎక్కాకే చేతులు దూర్చాలి. కింద సరిగా ఎక్కకుండా పైన లాగితే భుజం దగ్గర కుట్టు పిగులుతుంది.

వీపు జిప్‌ను మీరొక్కరే తాడు పట్టి లాక్కోకండి. పక్కవాళ్ళను పిలవండి. వాళ్ళు ఒక చేత్తో రెండు అంచులూ దగ్గరకు చేర్చి, రెండో చేత్తో నిటారుగా పైకి లాగాలి. పక్కకి లాగితే ఏదో ఒకరోజు పన్ను ఊడుతుంది.

సూటు జారడానికి నూనె రాసుకునేవాళ్ళను చూస్తుంటాను. మన ఇళ్ళలో అన్నిటికీ మందు కొబ్బరినూనే కదా. సూటుకు మాత్రం వద్దు. నూనె గుడ్డలో ఇంకి ముక్కవాసన వస్తుంది, దుమ్ము పట్టేస్తుంది. వాజలీన్ అంతకన్నా చెడ్డది. అది పెట్రోలియం సరుకు, రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. మరీ ఇబ్బందైతే సీసాడు నీళ్ళలో నాలుగు చుక్కల బేబీ షాంపూ కలిపి చేతులకు, కాళ్ళకు రాసుకోండి. సన్‌స్క్రీన్ ముఖానికి రాసుకున్నాక చేతులు కడుక్కునే సూటు ముట్టుకోండి.

పడవ మీద, నీళ్ళలో

ఫైబర్ పడవల్లో ఇంజిన్ పక్కన డీజిలో పెట్రోలో ఎప్పుడూ కాస్త ఒలికి ఉంటుంది. అడుగున పాత వల ముక్కలు, ఒక్కోసారి గాలం కూడా. కూర్చునే ముందు ఒక్కసారి చేత్తో తడిమి చూడండి, వీలైతే పాత చాప వేసుకోండి. డీజిల్ అంటితే ఇంటికెళ్ళాక చూద్దామనుకోకండి. అక్కడికక్కడే గుడ్డతో అద్ది, షాంపూ నీళ్ళతో కడగండి. ఎక్కేటప్పుడు పడవ ఊగుతుంటుంది, ‘బేగి ఎక్కండి బాబూ’ అని పైనుంచి కేకలు. అయినా మోకాళ్ళు అంచుకు ఆనించి పాకకుండా నిచ్చెన అడగండి.

రుషికొండ ఇసుక అడుగు సూటును పెద్దగా ఏమీ చేయదు. మంగమారిపేట వైపు రాళ్ళు వేరే. వాటికి అంటుకున్న చిప్పలు బ్లేడుల్లా ఉంటాయి. చింతపల్లి తీరానికి దగ్గర్లో మునిగిన ఓడ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు తుప్పు పట్టిన రేకుల సంగతి గుర్తుంచుకోవాలి. రాళ్ళకు చిక్కుకున్న పాత వలలు తీసే పనిలో దిగేవాళ్ళకైతే గాలాలతోనే ప్రమాదం. ఎక్కడైనా మందు ఒకటే: తేలే పట్టు, అంటే అడుగుకు తగలకుండా, పైకి తేలిపోకుండా నీళ్ళ మధ్యలో నిలవడం, బాగా నేర్చుకోవడం. నేల మీద మోకాళ్ళూని నిలబడే అలవాటున్న డైవర్ సూటు మోకాళ్ళ దగ్గరే ముందు పోతుంది.

ఒడ్డుకు రాగానే

సూటు ఆరకముందే మంచినీళ్ళు పోయాలి. ఉప్పునీళ్ళు తడిగా ఉన్నప్పుడు తేలిగ్గా పోతాయి, ఆరి గట్టిపడిన ఉప్పు పోదు. రుషికొండలో షవర్లున్నాయి. వేరే తీరాలకు వెళ్ళేటప్పుడు 20 లీటర్ల వాటర్ టిన్ను ఒకటి కారులో వేసుకోండి. మెడ దగ్గర పట్టి లోపలికి నాలుగు మగ్గులు, పైన నాలుగు మగ్గులు పోసినా సరే, ఇంటికెళ్ళే దాకా కాపాడుతుంది. డైవ్ సెంటర్ల దగ్గర పెట్టే కడుగు డ్రమ్ములో ఒక్కసారి ముంచి అయిపోయిందనుకోవద్దు. పొద్దున్నుంచి పదిమంది సూట్లు, మాస్కులు ముంచిన ఆ నీళ్ళు మధ్యాహ్నానికి సముద్రానికి అన్నదమ్ములే.

విప్పేటప్పుడు పాదం దగ్గర తొక్కిపట్టి లాగేవాళ్ళున్నారు. కొత్త సూటు కూడా నాలుగు సీజన్లు రాకుండా చీలమండ దగ్గర సాగిపోవడానికి ఇదే కారణం. తిరగేస్తూ నెమ్మదిగా జార్చండి. నీళ్ళు లోపలికి పోస్తూ విప్పితే ఇంకా సులువు.

తర్వాత డిక్కీ. తడి సూటును సంచిలో కట్టి, ఎండలో పెట్టిన కారు డిక్కీలో వేసి, టిఫిన్‌కో భోజనానికో వెళ్తారు. వేసవి ఎండలో మూసిన కారు లోపల వేడి ఎంతకు చేరుతుందో సీటు బెల్టు బకిల్ ముట్టుకున్నవాళ్ళకు తెలుసు. తడి, వేడి, చీకటి కలిస్తే వాసనకు కావలసినవన్నీ సమకూరినట్టే. కారు నీడలో పెట్టండి, సూటును టబ్బులో తెరిచి ఉంచండి. కుదరకపోతే ముందు ఇంటికి వెళ్ళి కడిగి, తర్వాత తినండి.

ఇంట్లో ఉతుకు

ఏ నీళ్ళన్నది ముందు చూసుకోవాలి. బీచ్ పక్క కాలనీల్లో కొన్ని చోట్ల బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది. అలాంటి నీళ్ళతో గంటసేపు నానబెట్టినా ఉప్పు తీసి ఉప్పు పెట్టినట్టే. మొదటి రెండు నీళ్ళు బోరువైనా ఫరవాలేదు, ఆఖరిది మాత్రం కుళాయి నీళ్ళో వాననీళ్ళో అయ్యుండాలి.

పెద్ద టబ్బులో సూటు పూర్తిగా మునిగేలా నీళ్ళు పట్టి, పావుగంట నుంచి అరగంట నాననివ్వండి. చేయి పెడితే హాయిగా అనిపించే గోరువెచ్చన చాలు. మే నెల మధ్యాహ్నం డాబా ట్యాంకులోంచి నీళ్ళు కాగినట్టే వస్తాయి, అవి వద్దు. పొద్దున్నే పట్టి ఉంచుకోండి. మధ్యలో ఒకటి రెండుసార్లు సూటును మెత్తగా నొక్కండి, జిప్ తెరిచి మూయండి. తర్వాత లోపలివైపు బయటికి తిప్పి మళ్ళీ అంతా ఒకసారి. వాసన, జిడ్డు, చెమట అన్నీ లోపలివైపే ఉంటాయి కాబట్టి శ్రద్ధ కూడా అటే ఎక్కువ పెట్టాలి.

ప్రతిసారీ సబ్బు అక్కర్లేదు. నాలుగైదు డైవ్‌లకోసారి ఘాటు లేని బేబీ షాంపూ ఒక మూతెడు చాలు. బట్టల సోడాపొడులు, బ్లీచింగ్, కంఫర్ట్ లాంటివి ముట్టించకండి. వాషింగ్ మెషీన్ అసలే వద్దు. తిప్పుడుకి, పిండుడుకి లోపలి బుడగలు నలుగుతాయి, జిగురు అతుకులు వదులవుతాయి. చేత్తో మెలిపెట్టి పిండడమూ అంతే. పనిమనిషి చేతికిచ్చేటట్టయితే బండకేసి బాదొద్దని ముందే చెప్పండి. నవ్వుకోకండి, ఆ గతి పట్టిన సూటును కళ్ళారా చూశాను.

స్విమ్మింగ్ పూల్లో ట్రైనింగ్ తీసుకునేవాళ్ళు ఇంకో మాట వినాలి. రబ్బరుకు సముద్రపు ఉప్పు కంటే పూల్ క్లోరిన్ ఎక్కువ హాని చేస్తుంది. రంగు వెలిసి, సాగే గుణం పోతుంది. పూల్ నుంచి వచ్చిన రోజు కడుగుడు వాయిదా వేయొద్దు. అక్వేరియం షాపుల్లో చేపల నీళ్ళకు వాడే యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, అందులో ఉండే థయోసల్ఫేట్ క్లోరిన్‌ను విరిచేస్తుంది. నానబెట్టే నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే సరిపోతుంది.

ఇక అందరూ చేసేదీ, ఎవరూ ఒప్పుకోనిదీ. నీళ్ళలో మునగగానే చల్లదనానికి, ఒత్తిడికి కాళ్ళూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు మళ్ళుతుంది. ఒంట్లో నీరెక్కువైందనుకుని మూత్రపిండాలు పని పెంచుతాయి. కాబట్టి ఆపుకోలేకపోవడంలో తప్పు లేదు. అలా జరిగితే పైకి వచ్చే ముందే మెడ దగ్గర సూటు కాస్త లాగి సముద్రపు నీళ్ళు లోపలికి రానివ్వండి. ఇంటికి రాగానే షాంపూ కడుగు తప్పదు. అద్దె సూటైతే డైవ్ సెంటర్‌వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, లోపలివైపు తిప్పి కడిగి ఇవ్వండి.

ఆరబెట్టడం

మన ఊళ్ళో అసలు పరీక్ష ఇదే.

ముందు ఉప్పు గురించి ఒక సంగతి. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో వంటింట్లో కల్లుప్పు చెమ్మగిల్లుతుంది చూడండి, సరిగా కడగని సూటులోనూ అదే జరుగుతుంది. మూడు రోజులు దండెం మీద వేసినా ముట్టుకుంటే తేమగా తగులుతోందంటే, లోపం ఆరబెట్టడంలో లేదు. ఉప్పు పోలేదన్నమాట. మళ్ళీ నానబెట్టాలి.

వైరు హ్యాంగర్లు వాడకండి. తడి సూటు బరువంతా భుజాల దగ్గర రెండు సన్నటి గీతల మీద పడి అక్కడ సాగిపోతుంది. నైలాన్ తాడు మీద వేస్తే నడుము దగ్గర శాశ్వతంగా మడత పడుతుంది. ప్లంబింగ్ షాపులో మూడు నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్క, మీటరు పొడవుది, కొనుక్కోండి. రెండు చివరలా తాడు దూర్చి బాల్కనీలో వేలాడదీయండి. సూటును నడుము దగ్గర ఆ పైపు మీదుగా సగానికి వేయాలి, కాళ్ళు ఒక పక్క, చేతులు ఒక పక్క. పైపు లావుగా ఉంటుంది కాబట్టి మడత పడదు. మార్కెట్లో దొరికే వెడల్పు భుజాల డైవింగ్ హ్యాంగర్లు కూడా బాగుంటాయి. కానీ ఈ పైపు ముక్క చేసే పనికి అంత డబ్బు ఎందుకో నాకు అర్థం కాదు.

లోపలివైపు బయటికి ఉండగా ముందు ఆరబెట్టండి. ఒంటికి తగిలే వైపు ఆరాక తిప్పి, పైవైపు ఆరనివ్వండి. ఇలా చేస్తే పైగుడ్డ రంగు కూడా నిలుస్తుంది. ఎండ తగలకూడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరును గట్టిపరిచి పగుళ్ళు తెస్తాయి. మన బాల్కనీల్లో సముద్రం వైపువి ఎక్కువగా తూర్పు ముఖమే, పొద్దున ఆరింటికే ఎండ నేరుగా కొడుతుంది. రాత్రి వేసి మర్చిపోయి పదింటికి లేచేవాళ్ళు జాగ్రత్త. పోర్టు దగ్గర పాతనగరం వైపు ఉండేవాళ్ళకు ఇంకో చిక్కు: బయట ఏది ఆరేసినా బొగ్గు దుమ్ము వాలుతుంది. తడి నైలాన్ గుడ్డలోకి అది దిగితే మళ్ళీ ఉతకాల్సిందే. లోపల గదిలో ఆరేయడమే వాళ్ళకు దారి.

గదిలోనైతే ఫ్యాను కింద. ఉక్క మరీ ఎక్కువైన రోజుల్లో ఏసీని డ్రై మోడ్‌లో రెండు మూడు గంటలు వేస్తే గాలిలో తేమ తగ్గి సూటు తొందరగా ఆరుతుంది. ఆ గదిలో మీరూ ఉంటారు కాబట్టి కరెంటు దండగేం కాదు. ఏసీ బయటి యూనిట్ వేడిగాలికి ఎదురుగా వేలాడదీయడం, హెయిర్ డ్రయర్ పట్టడం, ఇస్త్రీ చేయడం లాంటి అడ్డదారులు వద్దు. చీలమండ, మణికట్టు, మెడ దగ్గర అంచులు ఆఖర్న ఆరతాయి. అక్కడ వేలితో నొక్కి చూసి, తేమ లేదంటేనే తీయండి.

జిప్, వెల్క్రో

ఉతికిన ప్రతిసారీ పాత టూత్‌బ్రష్‌తో జిప్ పళ్ళు తోమండి. ఆరాక వాటి మీద మామూలు కొవ్వొత్తి ముక్కతో రుద్దితే జారుడు వస్తుంది, తేనెమైనం దొరికితే ఇంకా మంచిది. స్ప్రే డబ్బాల్లో వచ్చే యంత్రాల నూనెలు కొట్టొద్దు, చుట్టూ ఉన్న రబ్బరు ఉబ్బుతుంది. ఇత్తడి స్లైడరుకు పచ్చటి చిలుము పట్టిందా? మన ఇత్తడి బిందెలకు ఏం చేస్తారో అదే: చింతపండు పులుసు. బ్రష్‌తో స్లైడరు మీద మాత్రమే రాసి, రెండు నిమిషాలాగి, బాగా కడిగేయండి. బిగుసుకుపోయిన జిప్‌ను పళ్ళతోనో పటకారుతోనో లాగేకన్నా పావుగంట గోరువెచ్చని నీళ్ళలో ముంచితే చాలాసార్లు తనే వదులుతుంది.

వెల్క్రో గరుకు వైపు నైలాన్ గుడ్డకు శత్రువు. ఉతికేటప్పుడూ, దాచేటప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి ఉంటే ఎక్కడ తగిలితే అక్కడ గుడ్డ పోగులు లేస్తాయి.

చిరిగితే

చిన్న గాటును ‘ఇంతే కదా’ అని వదిలేస్తే ప్రతిసారీ తొడుక్కునేటప్పుడు ఓ రవ్వ పెరుగుతుంది. గోరంత ఉన్నప్పుడే అతికించేయండి.

జిగురు ఏదో తెలుసుకోవాలి. సూటు అతుకులకు వాడేది నియోప్రీన్ జిగురు, అంటే అదే రబ్బరును ద్రావకంలో కరిగించినది. దొరకకపోతే చెప్పులు, ఫోమ్, రెక్సిన్ అంటించేవాళ్ళు వాడే పసుపురంగు సింథటిక్ రబ్బరు జిగురు తీసుకోండి, పాలిక్లోరోప్రీన్ (నియోప్రీన్‌కు రసాయన పేరు) రకమేనా అని డబ్బా మీద చూసి. ఫెవిక్విక్ ముట్టుకోవద్దు. పట్టుకోవడం క్షణంలో పట్టుకుంటుంది, ఎండాక రాయిలా గట్టిపడి పక్కన కొత్త గాటు పెడుతుంది. ఎంసీల్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

సూటు ఉతికి, పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. గాటు ఉన్నచోట కింద గాజు సీసా పెట్టి వంచితే గాటు నోరు తెరుచుకుంటుంది. అగ్గిపుల్లతో రెండు అంచులకూ పల్చగా జిగురు పూయండి. వెంటనే అంటించకూడదు, అందరూ చేసే పొరపాటు అదే. ఐదు నుంచి పది నిమిషాలు ఆరనివ్వాలి, వేలితో ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉండాలి. మళ్ళీ ఒక పల్చటి పూత, మళ్ళీ ఆగడం. అప్పుడు సీసా తీసేసి అంచుకు అంచు సరిగ్గా చేర్చి గట్టిగా నొక్కండి. ఒకసారి తాకాక జరపడం కుదరదు, కాబట్టి ఒక చివర నుంచి మెల్లగా కలుపుకుంటూ రండి. పైన బరువు పెట్టి ఒక రోజంతా కదపకండి.

ఉక్కరోజున ఈ పని పెట్టుకోవద్దు. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు జిగురు పైభాగం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద కంటికి కనబడని పొరలా చేరుతుంది. అప్పుడు ఎంత నొక్కినా అతుకు నిలవదు. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు దీనికి మంచివి. కిటికీలు తెరిచి చేయండి, దరిదాపుల్లో పొయ్యి, దీపం, అగరుబత్తి ఉండకూడదు. ద్రావకం ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది.

పైవైపు నుంచి లోపలివైపు దాకా తెగి, ఇటు నుంచి అటు వెలుతురు కనబడితే జిగురు ఒక్కటే చాలదు. అతికించి ఆరాక, వంపు సూదితో పాలిస్టర్ దారం పెట్టి, పైగుడ్డనూ రబ్బరులో సగం మందాన్నీ మాత్రమే పట్టేలా కుట్టాలి. తర్వాత లోపలివైపు కూడా అలాగే. వీధి చివర దర్జీకి ఇస్తే మెషీన్ సూది ఈ వైపు నుంచి ఆ వైపుకు పొడిచి వరసగా కన్నాలు పెడుతుంది. చిరుగు మూసుకుంటుంది, దాని పక్కనే నీళ్ళకు కొత్త దారులు పడతాయి. నూలు దారం ఉప్పునీళ్ళకు కొన్నాళ్ళకే పుచ్చిపోతుంది.

మోకాలి దగ్గర గుడ్డ అరిగిపోతే పాత సూటు ముక్కను గుండ్రంగా కత్తిరించి అంటించండి. మూలలున్న ముక్క మూలల దగ్గరే లేస్తుంది.

వానాకాలం దాచడం

జూన్ నుంచి సముద్రం బుసలు కొడుతుంది, నీళ్ళు మట్టిరంగులోకి మారతాయి, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల టెన్షన్. ఆ నెలల్లో చాలామంది సూటు మూలపడుతుంది. బూజు పట్టేది అప్పుడే. దాచే ముందు షాంపూతో ఉతికి, రెండు వైపులా పూర్తిగా ఆరబెట్టి, కొవ్వొత్తితో జిప్ రుద్ది మూసి, వెల్క్రో అంటించి సిద్ధం చేయండి.

మంచం కింద పరిచి ఉంచడం అన్నిటికన్నా మంచిది. జాగా లేకపోతే పీవీసీ పైపుకే వదులుగా చుట్టండి. చిన్నగా మడిచి, పైన దుప్పట్లు పేర్చితే మడత దగ్గర బుడగలు అణిగి ఆ గీత జన్మలో పోదు. పైన పాత నూలు చీర కప్పండి. ప్లాస్టిక్ కవరులో కట్టిపెడితే లోపలి చెమ్మ లోపలే ఉంటుంది.

పై అంతస్తు ఇళ్ళలో శ్లాబు కింద అటక వేసవిలో పొయ్యిలా ఉంటుంది, అక్కడ వద్దు. మోటారు గది అయితే ఓజోను, గ్రీజు, ఎలకలు, సూటు శత్రువులు ముగ్గురూ ఒక్కచోటే కాపురం. కలరా ఉండలు కూడా వేయకండి. వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి రబ్బరుకు మంచిది కాదు, ఆ వాసన మాస్కులో ముక్కు మూసుకున్నా వదలదు. సిలికా జెల్ పొట్లాలు నాలుగు పెట్టండి. రెండు వారాలకోసారి తీసి, ఓ పూట ఫ్యాను కింద వేయండి.

ఇంత చేసినా నల్లటి చుక్కలు కనబడితే బకెట్ నీళ్ళకు ఒక టీగ్లాసు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, మంచినీళ్ళలో రెండుసార్లు జాడించండి. మచ్చ పూర్తిగా పోకపోవచ్చు. వాసన పోతే చాలు, చేపలు పట్టించుకోవు.

సూటు అయిపోయిందని ఎలా తెలుస్తుంది

బొటనవేలితో వీపు దగ్గర గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే నిండితే బుడగల్లో ప్రాణముంది. గుంట అలాగే ఉండిపోతే ఆ భాగం అణిగిపోయింది. చంక దగ్గర సాగదీసి చూడండి, కరకరమని సన్న పగుళ్ళు కనబడితే రబ్బరు ముదిరింది. ఇంకో గుర్తు నడుముకు కట్టుకునే సీసం బరువుల దగ్గర తెలుస్తుంది. బుడగలు తగ్గిన సూటు తక్కువ తేలుతుంది కాబట్టి, పాత లెక్కన బరువులు కట్టుకుంటే ఎక్కువ మునుగుతారు. సీజన్ మొదట్లో ఒకసారి లోతు లేని చోట బరువులు సరిచూసుకోవడం సూటు కోసమే కాదు, మీ క్షేమం కోసం కూడా.

అయిపోయిన సూటును వెంటనే పారేయకండి. వీపు భాగం తక్కువ అరిగి ఉంటుంది, దాన్ని అరచేతి సైజు ముక్కలుగా కోసి కొత్త సూటు మరమ్మతులకు దాచండి. కాలి గొట్టం ఒక చివర కుడితే టార్చికి తొడుగు అవుతుంది. జిప్ స్లైడరు ఊడదీసి, మైనం రాసి, ఆ ముక్కలతో పాటు డబ్బాలో వేయండి. మళ్ళీ అదే సైజుది కావాలంటే మన ఊళ్ళో షాపులన్నీ తిరగాలి.